మూడు సెంటీమీటర్లు

కొలతలో ఏదో తేడా ఉందనిపించి ఆమె స్టీలు స్కేలు మళ్ళీ కాగితం మీద ఆనించింది. పన్నెండు సెంటీమీటర్లు. కళ్ళద్దాలు తీసి, గుడ్డతో తుడిచి పెట్టుకుని ఇంకోసారి చూసింది. పన్నెండే.

ఆమె పనిగదిలో బల్ల నిండా సముద్రతీరం పరుచుకుని ఉంది. మూడు వారాలుగా అట్టతో, పల్చటి ప్లాస్టిక్ రేకులతో, రంగు పొడులతో ఆమె కడుతున్న నమూనా అది. తీరం వెంట రోడ్డు, రోడ్డు పక్కన అగ్గిపుల్లల్లాంటి దీపస్తంభాలు, పడవలు బాగుచేసే షెడ్డు, పాత మార్కెట్టు. ఆ వెనక సన్నటి సందు. సందుకి అవతల అక్క వాళ్ళ లాండ్రీ యార్డు: రేకుల షెడ్డు, నీళ్ళ తొట్లు, పదకొండు దండేలు. దండేలకి తలవెంట్రుకంత రాగితీగ లాగి, వాటి మీద టిష్యూ కాగితం ముక్కల్ని దుప్పట్లలా వేలాడదీసింది. అంత పని ఎవరూ అడగలేదు. చెయ్యి ఊరుకోక చేసింది. ఊళ్ళో ఆమెని అందరూ బొమ్మలావిడ అనేది ఇందుకే.

రోడ్డుకీ సందుకీ మధ్య జాగా మాత్రం ఖాళీగా ఉంది. హోటల్ రావలసింది అక్కడే. తొమ్మిది అంతస్తులు, ముప్ఫై మీటర్ల ఎత్తు. నమూనా మొత్తం రెండు వందల వంతు లెక్కన కడుతోంది. బయట రెండు మీటర్లుండేది బల్ల మీద ఒక సెంటీమీటరు. ఆ లెక్కన హోటల్ పదిహేను సెంటీమీటర్లు రావాలి. ఆ శనివారం పొద్దున ఆర్కిటెక్టు ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో పన్నెండే ఉంది.

ఫోన్ చేసింది.

"సార్, హోటల్ కాగితంలో చిన్న పొరపాటు దొర్లినట్టుంది. ఎత్తు పన్నెండే వస్తోంది."

"పొరపాటు కాదమ్మా," అన్నాడు ఆర్కిటెక్టు. "హోటల్ వరకూ రెండొందల యాభై వంతు పెట్టాం."

"చుట్టూ ఉన్నదంతా రెండొందలు కదా సార్?"

"అవును."

ఆమె ఆగింది. అవతల అతనూ ఆగాడు. ఆ కాసేపట్లో ఇద్దరికీ అర్థమైపోయింది.

"మరీ మీద పడ్డట్టు కనిపించకూడదని," అన్నాడతను నెమ్మదిగా. "నమూనా అంటే చూసేవాళ్ళకి ఒక అందాజు ఇవ్వడానికేగా. కచ్చితమైన కొలతలు కావలసినవాళ్ళకి డ్రాయింగులున్నాయి. వెనక కాస్త జాగా మిగులుతుంది, అక్కడ పచ్చిక వేసెయ్యండి. హోటల్ ముందు మనుషుల బొమ్మలు వద్దు, కిక్కిరిసినట్టుంటుంది. అన్నట్టు, స్కేలు రాసిన బిళ్ళ కూడా పెట్టకండి ఈసారి."

"ఎప్పుడూ పెడతాను సార్."

"ఈసారికి వద్దమ్మా." అతని గొంతులో కోపం లేదు. ఇంకా మెత్తబడింది. "మీ అమ్మాయి బాగా పనిచేస్తోంది. నెలాఖరుకి పర్మినెంట్ చేద్దామనుకుంటున్నాం. మీకు చెప్పిందా?"

"చెప్పింది సార్."

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు కట్టర్ చేతిలో పట్టుకుని కూర్చుంది. కూతురు ఆ ఆఫీసులో చేరి ఏడాది కావస్తోంది. పొద్దున్నే ఏడింటికి వెళ్ళి, చీకటి పడ్డాక ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొస్తుంది. అయినా ఒక్కరోజు విసుక్కోలేదు. గీతలంటే దానికి ప్రాణం.

ఆమె అట్ట మీద స్కేలు పెట్టి గీత గీసింది. పన్నెండు దగ్గర.

ఆదివారమంతా గోడలు కోసింది. అంచులు ఉప్పుకాగితంతో రుద్ది, జిగురు సూదితో సన్నగా పోసి, మూలలు కలిపి, వేళ్ళతో నొక్కి వంద అంకెలు లెక్కపెట్టింది. కిటికీలకి లేత నీలం రేకు వేసింది. పని అందంగానే వస్తోంది, అదే ఆమెకి కంపరంగా ఉంది. చివరికి తలుపులు మిగిలాయి. కాగితం ప్రకారం కోస్తే హోటల్ పెద్ద తలుపు ఎనిమిది మిల్లీమీటర్లు వస్తుంది. అక్క వాళ్ళ షెడ్డు తలుపు పది. ఒక రెండు మిల్లీమీటర్లు పెంచితే అన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. కట్టర్ మొన అట్ట మీద ఆగింది. ఆమె పెంచలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు కోసి అతికించింది. ఎందుకు పెంచలేదో ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే ఆమె చెప్పలేకపోయేది.

సోమవారం మధ్యాహ్నం అక్క వచ్చింది. ఆసుపత్రిలో ఉతికిన దుప్పట్లు ఇచ్చి వెళుతూ, ఖాళీ సంచులు భుజాన వేసుకుని, మెట్లెక్కి నేరుగా లోపలికొచ్చింది. అక్క చేతులెప్పుడూ నానినట్టే ఉంటాయి, వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి.

"ఏమే, మీ హోటల్ ఎందాకా వచ్చింది?"

"మా హోటలేంటి అక్కా."

"కట్టేది నువ్వేగా. మేం చూస్తూ కూర్చునేవాళ్ళం." అక్క నవ్వుతూ బల్ల దగ్గరికి వచ్చింది. హోటల్ ఇంకా బల్ల మీదికి ఎక్కలేదు, మూల బీరువా మీద గుడ్డ కప్పి ఉంది. అక్క వంగి తన యార్డు చూసుకుంది. "అమ్మో, దుప్పట్లు కూడా ఆరేశావే! మాకన్నా తెల్లగా ఉన్నాయి." వేలితో ముట్టుకోబోయి, తడి చెయ్యని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. "నిజం చెప్పు. అంత ఎత్తు కడితే మా దండేల మీద నీడ పడుతుందా?"

ఆమె వేలికి అంటిన ఎండు జిగురు గిల్లుకుంటోంది.

"అంత పడదులే అక్కా."

"అంత అంటే?"

"సాయంత్రం ఎప్పుడో. కొంచెం."

అక్క బల్ల మీది దండేలకేసి చూసింది. "పొద్దుటిపూట ఉతకడానికే సరిపోతుంది," అంది తర్వాత. "మాకు ఎండంటే మధ్యాహ్నం తర్వాతిదే. పడమట సముద్రం వైపు నుంచి వచ్చేది. శుక్రవారం మీటింగులోగా రాసివ్వకపోతే ఒప్పుకున్నట్టేనట. పంతొమ్మిది మందిమి ఉన్నాం. రాద్దామా వద్దా అని అందరూ నా మొహంకేసి చూస్తున్నారు. నేను నిన్నడిగి చెప్తానన్నాను."

"మీ ఇష్టం అక్కా. నేనేం చెప్పను."

"చెప్పావుగా, పడదని." అక్క సంచులు సర్దుకుంది. "సరే, వెళ్తా. తొట్టి నిండిపోయి ఉంటుంది."

మెట్ల మీద అక్క అడుగుల చప్పుడు కింది దాకా వినబడింది. పిలుద్దామనుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి అక్క రోడ్డు దాటుతోంది. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది. ఆమె కిటికీ రెక్క పట్టుకుని, అక్క మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది.

మంగళవారం నమూనాని మున్సిపల్ హాలుకి చేర్చారు. ఆమె, వ్యాను డ్రైవరు, హాలు వాచ్‌మన్, ముగ్గురూ కలిసి పళ్ళెంలో నిండా నీళ్ళు మోస్తున్నట్టు మోశారు. కిటికీల మధ్య బల్ల వేసి, చుట్టూ తాడు కట్టి, ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. బుధ, గురువారాలు ఎవరైనా వచ్చి చూడొచ్చు. శుక్రవారం కమిటీ నిర్ణయం. ఆర్కిటెక్టు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. హోటల్ వెనక మిగిలిన జాగాలో పచ్చిక మీద ఆమె నాటిన చిన్న చెట్లని చూసి, "ప్రాణం పోశారమ్మా," అన్నాడు. ఆమెకి ఆ మాట చెంపమీద కొట్టినట్టుంది.

బుధవారం భోజనాల దగ్గర కూతురు ఏమీ మాట్లాడలేదు. మామూలుగా అయితే ఆఫీసులో ఎవరేమన్నారో అనుకరించి చూపిస్తూ నవ్విస్తుంది.

"ఆ హోటల్ కొలతల కాగితం ఎవరు గీశారే?" అని అడిగింది ఆమె, మామూలుగా అడిగినట్టు.

కూతురి చెయ్యి కంచంలో ఆగింది. "ఆఫీసులో... అందరం తలా కాస్త చేస్తాం. ఎందుకమ్మా?"

"ఊరికే."

"ఏమైనా తేడా ఉందా?"

"ఏం లేదు. తిను."

ఇద్దరూ తిన్నారు. కూతురు గిన్నెలు తనే కడుగుతానంది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది, ఉన్నవి రెండు గిన్నెలే అయినా.

గురువారం ఆమె పని చేసుకోలేకపోయింది. ఎవరిదో ఇంటి నమూనా ఒప్పుకుని ఉంది, దాని మెట్లు రెండుసార్లు తప్పు కోసింది. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. పదకొండింటికి ఉండబట్టలేక హాలుకి వెళ్ళింది. గాలికి చెట్లేమైనా ఊడాయేమో చూసొద్దామని తనకి తనే చెప్పుకుంది.

హాల్లో ఒక్క మనిషే ఉంది. అక్క.

అక్క నమూనా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తల బల్ల అంచు దాకా వంచి, ఒక కన్ను మూసి చూస్తోంది. తర్వాత లేచి అవతలి వైపుకి వెళ్ళి అక్కడా కూర్చుంది. జేబులోంచి బట్టల క్లిప్పు తీసి, తాడుకి ఇవతల నుంచే కంటికి ఎదురుగా పట్టుకుని ఒకసారి షెడ్డు వైపు, ఒకసారి హోటల్ వైపు తిప్పింది. పెదాలు కదుపుతోంది, ఏదో లెక్కపెడుతున్నట్టు.

ఆమె స్తంభం వెనక్కి తప్పుకుంది. ఎందుకు తప్పుకుందో! సొంత అక్క. చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషి. వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే అయిపోయేది. కాళ్ళు కదల్లేదు. కాస్సేపు అలాగే ఉండి, వెనక తలుపులోంచి బయటికి వచ్చేసింది.

శుక్రవారం మూడింటికి హాలు నిండిపోయింది. కమిటీ వాళ్ళు తొమ్మిది మంది పొడుగాటి బల్ల వెనక కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు, బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గర చెవి మెలి పెట్టించుకున్నవాళ్ళే కాబట్టి ఇప్పటికీ అందరూ టీచరుగారనే అంటారు. ఒక పక్క కూతురు లాప్‌టాప్ ముందు కూర్చుని తెర మీద హోటల్ రంగుల బొమ్మలు మారుస్తోంది. బొమ్మలావిడకి నమూనా పక్కనే కుర్చీ వేశారు, ఏమైనా సర్దాల్సి వస్తే ఉంటుందని. యార్డు ఆడవాళ్ళు వెనక రెండు వరసల్లో కూర్చున్నారు. అక్క చివరి కుర్చీలో ఉంది. ఆమె ఒకసారి అటు చూసి తల తిప్పేసుకుంది.

ఆర్కిటెక్టు బాగా మాట్లాడాడు. ఎంతమందికి పనులు దొరుకుతాయో, రోడ్డు ఎలా బాగుపడుతుందో చెప్పాడు. తర్వాత కిటికీల తెరలు వేయించి, స్టాండుకున్న బల్లదీపం వెలిగించాడు.

"ఇది సూర్యుడనుకోండి. మధ్యాహ్నం మూడు గంటలు." దీపాన్ని సముద్రం వైపు నుంచి వంచాడు. హోటల్ నీడ పచ్చిక దాటి, సందు దాటి, యార్డులో మొదటి మూడు దండేల మీద పడి ఆగింది. "ఇంతే. మిగతా యార్డంతా ఎండే. దీని మీదే నీడ నివేదిక తయారుచేసి మీ ముందు పెట్టాం."

కమిటీలో ఇద్దరు ముగ్గురు తలలూపారు. తెరలు తీశారు.

"లాండ్రీ యార్డు వాళ్ళ నుంచి రాతపూర్వకంగా అభ్యంతరాలేమీ రాలేదు," అంది టీచరుగారు కాగితాలు తిప్పుతూ. "ఎవరైనా మాట్లాడేది ఉందా?"

అక్క లేచి నిలబడింది. "అభ్యంతరం కాదండి. ఒక సందేహం."

"ముందుకి రామ్మా."

అక్క నమూనా దగ్గరికి వచ్చింది. చెల్లెలి కుర్చీ పక్కనుంచే వచ్చింది కానీ ఆమె వైపు చూడలేదు. "ఇది మా షెడ్డు తలుపు. రోజుకి వందసార్లు తిరుగుతాను అందులోంచి. నా తలకి తగలదు, అలాగని పెద్ద ఎత్తూ కాదు. ఇప్పుడిది చూడండి, హోటల్ సింహద్వారం. మా తలుపుకన్నా పొట్టిగా ఉంది." హాలంతటినీ ఒకసారి కలయజూసింది. "ఈ హోటల్‌కి వచ్చేవాళ్ళంతా వంగి దూరతారా అండీ?"

వెనక ఎవరో పకాలున నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. టీచరుగారు నవ్వలేదు. లేచి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, నమూనా మీదికి వంగింది.

"అవును," అంది. "ఎందుకలా?"

ఆర్కిటెక్టు ఒక్క క్షణమే తడబడ్డాడు. "నమూనా చేసినవారు మేం పంపిన కాగితం సరిగ్గా చూసుకోలేదనుకుంటాను మేడమ్. చేతిపని కదా. చిన్న పొరపాటు."

అందరి కళ్ళూ ఆమె మీదికి తిరిగాయి. ఆమెకి కూతురొక్కతే కనపడింది. లాప్‌టాప్ వెలుగులో దాని మొహం పాలిపోయి ఉంది.

"ఏమ్మా, పొరపాటు పడ్డావా?" అని అడిగింది టీచరుగారు.

"అవునండి," అంది ఆమె. మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అన్నది తనేనా అనిపించింది. "నాదే పొరపాటు."

ఆర్కిటెక్టు భుజాలు సడలాయి. నెలాఖరు, పర్మినెంట్, కూతురి బల్ల, దాని గీతలు, అన్నీ ఆ ఒక్క మాటతో భద్రంగా పక్కకి జరిగినట్టయింది. తనకి కొంచెం చెడ్డపేరు, అంతేగా. భరించొచ్చు.

"సరే," అంది టీచరుగారు కూర్చుంటూ. "పొరపాటు నమూనాలోదే అయితే, డ్రాయింగుల ప్రకారం ముందుకెళ్దామా? నీడ నివేదిక సంగతేంటి?"

"తేడా స్వల్పమే ఉంటుంది మేడమ్. సరిచేసిన ప్రతి తర్వాత పంపిస్తాం."

"అయితే ఓటుకి పెడుతున్నాను."

కమిటీ వాళ్ళు కుర్చీల్లో సర్దుకున్నారు. అప్పుడు అక్క చెల్లెలి వైపు చూసింది. అది కోపం కాదు. ఉతికిన బట్ట మీద పోని మరకని చూసే చూపు. ఇంక చేసేదేం లేదని పక్కన పెట్టబోయే ముందు చూసే చూపు. ఆమెకి అప్పుడు తెలిసింది. తను నింద మీద వేసుకున్నాననుకుంది. నిజానికి తలుపు తీసిచ్చింది. ఆ తలుపులోంచి హోటల్ వచ్చి యార్డు మీద నిలబడబోతోంది.

"అనుకూలమైనవారు చేతులెత్తండి," అంది టీచరుగారు.

"ఆగండి," అంది ఆమె.

లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది. "పొరపాటు కాదండి. హోటల్‌ని చిన్నగా చెయ్యమన్నారు, చేశాను. చుట్టూ ఉన్నదంతా రెండొందల వంతు. హోటల్ ఒక్కటీ రెండొందల యాభై. ఎత్తులో మూడు సెంటీమీటర్లు తక్కువుంది. వెడల్పూ తగ్గింది, అందుకే వెనక ఆ పచ్చిక. అక్కడ నిజానికి పచ్చిక ఉండదు. స్కేలు బిళ్ళ పెట్టొద్దన్నారు, పెట్టలేదు."

ఓటుకని లేవబోయిన చేతులు కిందికి దిగాయి.

"ఇప్పుడేగా నీదే పొరపాటన్నావు," అన్నాడు కమిటీలో ఒకాయన చిరాగ్గా. "ఏ మాట నమ్మాలి?"

"ఆవిడ కంగారులో ఉన్నారు," అన్నాడు ఆర్కిటెక్టు. "తప్పు బయటపడితే ఎవరికైనా..."

"ఆ కాగితం నీ దగ్గరుందా అమ్మా?" అంది టీచరుగారు.

"ఇంట్లో ఉందండి."

గోడ మీద తెర మారింది. హోటల్ రంగుల బొమ్మ పోయి, తెల్లటి తెర మీద నల్లటి గీతలు వచ్చాయి. ఎవరూ అడగలేదు. కూతురి చెయ్యి లాప్‌టాప్ మీద ఉంది, కళ్ళు తెర మీద ఉన్నాయి. కింద కుడివైపు మూల చిన్న అక్షరాలున్నాయి. కూతురు వాటిని పెద్దవి చేసింది, వెనక వరసవాళ్ళు కూడా చదవగలిగేంత. నమూనా కోసం. హోటల్ భాగం రెండు వందల యాభై వంతు. పరిసరాలు రెండు వందలు. ఆ కిందనే గీసినవారి పొడి అక్షరాలు. అవి కూతురివి.

ఆమె బల్ల అంచుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఐదు వంతుల్లో ఒక వంతు మింగేశారన్నమాట," అంది టీచరుగారు, నోట్‌బుక్కులో తప్పు లెక్క చూసినట్టు. ఆర్కిటెక్టు ఏదో చెప్పబోతే చేత్తో ఆపింది.

తర్వాత అరగంట వాదించుకున్నారు. హోటల్ వద్దని ఎవరూ అనలేదు. నమూనాతో పనేముందని కొందరు, ఉన్నదని కొందరు. చివరికి ఐదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. నిర్ణయం రెండు వారాలు వాయిదా. మంగళవారం మధ్యాహ్నం కమిటీ అంతా యార్డుకి వచ్చి స్వయంగా చూస్తుంది. ఈలోగా ఎవరైనా అభ్యంతరాలు రాసివ్వచ్చు.

హాలు ఖాళీ అవుతుంటే ఆర్కిటెక్టు దీపం తీగ చుట్టచుడుతూ కూతురితో, "సోమవారం నుంచి రానక్కర్లేదు," అన్నాడు. ఏదో చిన్న విషయం చెప్పినట్టే చెప్పాడు. కూతురు లాప్‌టాప్ మూసి అతని ముందు పెట్టి, తన సంచి తీసుకుంది.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు.

"నువ్వే గీశావని నాకెందుకు చెప్పలేదే?" అంది ఆమె.

"నీకు తెలిస్తే చెయ్యనంటావని. చెయ్యనంటే నీకు వాళ్ళింక పని ఇవ్వరని." కూతురు నడక ఆపింది. "నీకు తేడా తెలిసిందని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఉద్యోగం మానేస్తావని."

కూతురికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆమె కూతురి చేతిలోని సంచి తీసుకుంది. తేలిగ్గానే ఉంది, అయినా ఇల్లు చేరేదాకా తనే మోసింది.

శనివారం పొద్దున్నే ఆమె యార్డుకి వెళ్ళింది. తొట్ల దగ్గర సబ్బు నురగ, తడి సిమెంటు వాసన. మాటలు వినపడుతున్నవల్లా ఆమెని చూసి ఆగిపోయాయి. ఒకావిడ బకెట్టు ఎత్తి పక్కకి పెట్టింది, దారి ఇవ్వడానికో, దూరం జరగడానికో తెలియనట్టు. అక్క దుప్పటి పిండుతోంది. నీళ్ళన్నీ కారేదాకా పిండి, దులిపి, దండెం మీద వేసి, క్లిప్పులు పెట్టింది. అప్పుడు తిరిగింది.

"అక్కా, నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది? బొమ్మ చూశాకా?"

"సోమవారమే. అడిగితే నా మొహంకేసి చూడలేదు నువ్వు, వేలు గిల్లుకుంటూ చెప్పావు. నీ మాట నమ్మి బొమ్మ చూడ్డానికి వెళ్ళాననుకున్నావా? నమ్మలేక వెళ్ళాను." అక్క చేతులు తుడుచుకుంది. "ఏది తేడానో పట్టుకోవడానికి ఒక పూట పట్టింది."

"మరి అప్పుడే నన్నెందుకు నిలదియ్యలేదు? రాసైనా ఇవ్వలేదే?"

"రాసిన కాగితం జేబులోనే ఉంది. పంతొమ్మిది సంతకాలు. నువ్వే వచ్చి చెప్తావని చూశాను. గురువారం హాల్లో స్తంభం కింద నీ చెప్పులు కనపడ్డాయి. ఇప్పుడొస్తుందిలే అనుకున్నాను." అక్క దండెం మీద దుప్పటి అంచు సరిచేసింది, అది సరిగ్గానే ఉన్నా. "వెనక తలుపు చప్పుడైంది."

ఆమె క్షమించమని అడగడానికి వచ్చింది, ఆ మాట ఇప్పుడు మరీ చిన్నదిగా ఉంది. ఆడవాళ్ళెవరూ పని చెయ్యడం లేదు. కొళాయి మాత్రం కారుతోంది.

"నిజంగా ఎంతవరకు వస్తుంది?" అంది అక్క.

"నీడా?"

"ఆఁ. నాలుగింటికి. మేం తియ్యడం మొదలుపెట్టే వేళకి."

ఆమె సందు వైపు గోడ చూసింది. గోడ అవతల, ఖాళీ జాగా మీద సముద్రపు గాలి తప్ప ఏమీ లేదు. ఆమె ఆ ఖాళీలో తొమ్మిది అంతస్తులు నిలబెట్టింది, పదిహేను సెంటీమీటర్లు, ముప్ఫై మీటర్లు. ఎండని వంచింది. లెక్క మనసులో ఎప్పుడో అయిపోయి ఉంది, కాగితం వచ్చిన పోయిన శనివారమే.

అక్క సందు గోడ దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి లోపలికి నడవడం మొదలుపెట్టింది. మూడో దండెం కింద ఆగి తిరిగింది. "ఇక్కడిదాకానా?"

"ఇంకా."

అక్క దుప్పట్లు తప్పించుకుంటూ వెనక్కి నడిచింది. ఆరో దండెం. "ఇక్కడికా?"

"ఇంకా అక్కా."

తొమ్మిదో దండెం. పదకొండోది. తొట్లు. ప్రతిసారీ అక్క ఆగింది, ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపింది, ఈసారి అక్క మొహంకేసే చూస్తూ. కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చివరికి అక్క వీపు షెడ్డు గోడకి ఆనింది. ఇంక వెనక్కి వెళ్ళడానికి జాగా లేదు.

"ఇంకా ఉందా?"

"గోడ మీదికి కొంచెం ఎక్కుతుంది. నీ నడుము దాకా."

అక్క ఒకసారి తన నడుము వైపు చూసుకుంది. తర్వాత యార్డంతా చూసింది, ఎండలో కళ్ళు చెదిరేలా మెరుస్తున్న తెల్లటి వరసల్ని, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా.

"సరే," అంది. "మంగళవారం వాళ్ళొచ్చినప్పుడు ఇలాగే చెప్పు. నన్ను నిలబెట్టే చెప్పు."